సముద్రం అడుగు ఎంత చల్లన?

వరంగల్ కాశిబుగ్గలో బోరు వేస్తే ముందు మట్టి, దాని కింద పొడిపొడిగా మెత్తబడిన రాయి, ఆ తర్వాత ఎంత లోతుకు పోయినా గ్రానైటే. వరంగల్ కోటలోని ఏకశిల గుట్ట ఆ రాయి బయటికి తేలిన చోటు, అంతే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ రాయికి సముద్రంతో పని లేదు. సముద్రం జాడ కావాలంటే ములుగు దిక్కుకో పాకాల దిక్కుకో పోవాలి. అక్కడి డోలమైటు, షేలు, ఇసుకరాయి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పాకాల సూపర్‌గ్రూప్ అని పేరు పెట్టారు. అందులోని విభాగాలకు మల్లంపల్లి, ములుగు ఊళ్ల పేర్లే ఉన్నాయి. అవి సముద్రంలో పేరుకున్న పొరలే కాని, వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. గుల్ల కట్టుకునే జీవి అప్పటికి పుట్టనే లేదు.

గుల్లలున్న సముద్రపు రాయి కావాలంటే ఇక్కడి నుంచి గీత గీసినట్టు పోయినా 250 కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర కాతేరు, గోదావరికి ఇవతల పంగిడి, గౌరీపట్నం క్వారీలు. అక్కడ దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కుపోయిన సున్నపురాయిలో ఫోరామినిఫెరా (పొట్టిగా ఫోరామ్‌లు) అనే ఏకకణ జీవుల గుల్లలు దొరుకుతాయి. గెర్టా కెల్లర్ బృందం 2008లో వాటిని ఆధారంగా చూపి, దక్కన్ లావా ప్రధాన ఘట్టం డైనోసార్లు అంతరించిన 6.6 కోట్ల ఏళ్ల నాటి సరిహద్దు దగ్గర ముగిసిందని వాదించింది. కింది లావా మీద పేరుకున్న పొరల్లో, ఆ ప్రళయం తర్వాత కొత్తగా పుట్టిన ఫోరామ్‌ జాతులు కనిపించడమే ఆ వాదానికి మూలం. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఓఎన్‌జీసీ బావుల నమూనాలతో ఆ పని తర్వాత కూడా సాగింది. తెలుగు నేల మీది సూక్ష్మశిలాజాలకు ప్రపంచంలో వచ్చిన పేరు ఎక్కువగా దీనివల్లే. అయితే అది తీరం పక్కన ఉన్న, లోతు తక్కువ సముద్రం. అది కాలం చెప్పింది. లోతు సముద్రం ఎంత చల్లగా ఉండేదో చెప్పడం దాని వల్ల కాదు.

ఆ రెండో ప్రశ్న మీద డెబ్భై ఏళ్లుగా పని జరుగుతోంది. బంగాళాఖాతం ఉపరితలం ఏడాదిలో చాలా నెలలు 28 డిగ్రీలకు తగ్గదు. అదే నీటిలో మూడు కిలోమీటర్లు దిగితే 2 డిగ్రీల దరిదాపు. ఈ చలి ఇక్కడ పుట్టింది కాదు. అంటార్కిటికా చుట్టూ గడ్డకట్టే స్థితికి వచ్చి బరువెక్కి మునిగిన నీరు, అడుగు పట్టుకుని మెల్లగా ఇక్కడిదాకా వస్తుంది. కాబట్టి అడుగునీటి ఉష్ణోగ్రత అంటే ఒక చోటి సంగతి కాదు, ధ్రువాల సంగతి. ధ్రువాలు ఎప్పుడు గడ్డకట్టాయి, ఎప్పుడు కరిగాయి అన్నది ఉష్ణమండలపు బురదలోనూ రాసి ఉంటుంది.

రాసేది ఫోరామ్‌లే. ఇవి రెండు తెగలు. నీటి పైభాగాన తేలుతూ బతికేవి ప్లాంక్టానిక్, అడుగు బురదలోనో బురద మీదో బతికేవి బెంథిక్. మన ప్రశ్నకు కావలసింది రెండో తెగ. ఇసుక రేణువంత గుల్ల. కట్టుకునే నాటి నీటిలోంచే కాల్సియం, ఆక్సిజన్, కొంచెం మెగ్నీషియం తీసుకుని కట్టుకుంటుంది. చచ్చాక అక్కడే పూడిపోతుంది.

1950ల్లో ఈ గుల్లల మీద రెండు చోట్ల రెండు రకాల పని నడిచింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం తూర్పు తీరపు సముద్రం అడుగు మట్టిని తోడి పరీక్షించింది. గణపతి, సత్యవతి 1958లో బంగాళాఖాతం అడుగు మట్టిలోని ఫోరామినిఫెరా మీద నివేదిక ప్రచురించారు. ఏ జాతి ఎక్కడ, ఎంత లోతున బతుకుతుందన్నది వాళ్ల ప్రశ్న. అదే దశకంలో షికాగోలో గుల్లను నలిపి, ఆమ్లంలో కరిగించి, వచ్చిన వాయువును మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతున్నారు. మొదటి పని లేకుండా రెండోది నిలవదని నా ఉద్దేశం. ఎందుకో కాస్త ముందుకు పోతే తెలుస్తుంది.

షికాగో పనికి దారి వేసింది హెరాల్డ్ యూరీ. ఆక్సిజన్‌లో 16 బరువున్నది, 18 బరువున్నది రెండూ ఉంటాయి. నీరు చల్లబడేకొద్దీ గుల్ల పదార్థమైన కాల్సైటులో బరువైనదాని పాలు పెరుగుతుందని 1947లో ఆయన లెక్కకట్టి చూపాడు. శామ్యూల్ ఎప్‌స్టీన్ తదితరులు 1953 నాటికి దాన్ని ఉష్ణోగ్రత సూత్రంగా మార్చారు. ఉజ్జాయింపుగా, నిష్పత్తి వెయ్యికి ఒకటి మారితే నాలుగు డిగ్రీలకు పైచిలుకు తేడా అని అర్థం. చెజారే ఎమిలియానీ దీన్ని ఫోరామ్‌లకు వర్తింపజేశాడు. 1954లో పసిఫిక్ అడుగు గుల్లలను కొలిచి, ఒలిగోసీన్ కాలంలో అడుగునీరు సుమారు 10 డిగ్రీలు, మయోసీన్‌లో 7, ప్లయోసీన్ చివరికి 2 అని తేల్చాడు. లోతు సముద్రం ఎప్పుడూ ఇంత చల్లగా లేదని కొలిచి చూపిన తొలి మాట ఇదే. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని నమూనాలతో చెప్పిన మాట అయినా, దాని దిశ ఇప్పటికీ తప్పు కాలేదు.

దిశ నిలిచింది, డిగ్రీల దగ్గరే చిక్కు వచ్చింది. సముద్రం మీంచి ఆవిరయ్యేటప్పుడు తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు ముందుగా లేస్తుంది. అది మంచై ధ్రువాల మీద పడి తిరిగి రాకపోతే, మిగిలిన సముద్రం బరువెక్కుతుంది. గుల్ల కూడా బరువెక్కుతుంది, నీరు ఒక్క డిగ్రీ కూడా చల్లబడకపోయినా సరే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో కాంటా మీద పెట్టిన పత్తి బస్తా లాంటిదే ఈ సంఖ్య. తూకం ఒకటే, అందులో పత్తీ ఉంది, తేమా ఉంది. తరుగు ఎంత తీయాలన్నదే తగాదా.

ఎమిలియానీ తరుగు తక్కువ తీశాడు. మార్పులో ఎక్కువ భాగం ఉష్ణోగ్రతదేనన్నాడు. కేంబ్రిడ్జ్‌లో నికోలస్ షాకిల్టన్ దాన్ని తిరగేశాడు. అడుగు ఫోరామ్‌లు అరుదు, దొరికేవి కొద్ది. అంత కొద్ది పదార్థాన్ని కొలిచేలా ఆయన తన యంత్రాన్ని ముందు సరిచేసుకున్నాడు. 1967లో ఆయన వేసిన వాదం సులువైనది, అందుకే గట్టిది. హిమయుగం నుంచి నేటికి అడుగు గుల్లల్లో వచ్చిన మార్పు వెయ్యికి 1.7 దరిదాపు. అదంతా ఉష్ణోగ్రతే అనుకుంటే హిమయుగపు అడుగునీరు నేటికన్నా ఏడు డిగ్రీలు చల్లగా ఉండాలి. నేడున్నదే రెండు డిగ్రీలు, సముద్రపు నీరు మైనస్ రెండు దగ్గర గడ్డకడుతుంది. ఆ ఏడు డిగ్రీలకు చోటెక్కడిది? పైగా తేలే గుల్లలూ అడుగు గుల్లలూ దాదాపు ఒకే మోతాదులో మారుతున్నాయి. కాబట్టి ఎక్కువ భాగం మంచుదే. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన తర్కం ఇది. గడ్డకట్టే హద్దును గుర్తుచేయడమే అందులోని బలమంతా.

1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ కలిసి హిమయుగాల రాకపోకలకు భూమి కక్ష్యలోని మార్పులే తాళం వేస్తున్నాయని చూపిన వ్యాసం అందరికీ తెలిసిందే. దానికి వాడిన రెండు మట్టి కోర్‌లు దక్షిణ హిందూ మహాసముద్రానివి. వాటిలో ఆర్‌సీ11-120 అన్నది 43 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి, 79 డిగ్రీల 52 నిమిషాల తూర్పు రేఖాంశం మీద తీసింది. వరంగల్ ఉన్నది 79 డిగ్రీల 36 నిమిషాల దగ్గర. అంటే కాశిబుగ్గ చౌరస్తా నుంచి నికరంగా దక్షిణానికి నడిస్తే దారి ఇంచుమించు ఆ బురద మీదికే పోతుంది. లక్ష, 42 వేలు, 23 వేలు, 19 వేల ఏళ్ల లయలు తేలింది ఆ మట్టిలోనే. అందులో కొలిచినవి తేలే గుల్లలు కాబట్టి అది అడుగు ఉష్ణోగ్రతల లెక్క కాదు. కాని అడుగు గుల్లల వరుసలకు కాలం ముద్ర వేసే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. 2005లో లిసీకీ, రేమో 57 కోర్‌ల అడుగు గుల్లలను ఒకే వరుసలో పేర్చి 53 లక్షల ఏళ్ల పట్టిక తయారు చేసినప్పుడు ఆ కక్ష్య గడియారమే ఆధారం.

వాల్తేరు పని ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. జాతులన్నీ ఒకేలా రాయవు. ఒకే నీటిలో బతికిన యువిజెరినా, సిబిసిడోయిడెస్ గుల్లల మధ్య వెయ్యికి 0.64 తేడా వస్తుందని షాకిల్టన్ కాలం నుంచి సవరిస్తూ వస్తున్నారు. అది దాదాపు మూడు డిగ్రీల తేడా. గుల్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఇది ఫలానా జాతి అని కచ్చితంగా చెప్పగల మనిషి లేకపోతే, ఎంత ఖరీదైన యంత్రమైనా మూడు డిగ్రీలు తప్పు చెబుతుంది. భారతీయులు ఈ గుర్తింపు పనిలో వెనకబడలేదు. తేలే ఫోరామ్‌ల గుర్తింపుకు ప్రపంచమంతా చేతిలో పెట్టుకునే 1983 నాటి అట్లాసు, జేమ్స్ కెన్నెట్‌తో కలిసి బెనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం. ఎస్. శ్రీనివాసన్ రాసింది.

మంచును ఉష్ణోగ్రతను విడదీయాలంటే ఆక్సిజన్‌కు సంబంధం లేని రెండో కొలమానం కావాలి. అది మెగ్నీషియం. నీరు వెచ్చబడేకొద్దీ కాల్సైటులో కాల్సియం స్థానంలోకి మెగ్నీషియం ఎక్కువగా దూరుతుంది. మంచు పెరిగినా తరిగినా దానికి పట్టదు. 2000లో కరొలిన్ లియర్, హెన్రీ ఎల్డర్‌ఫీల్డ్, పాల్ విల్సన్ ఈ పద్ధతితో గత 5 కోట్ల ఏళ్లలో లోతు సముద్రం 12 డిగ్రీల దాకా చల్లబడిందని తేల్చారు. ఎమిలియానీ చూపిన దిశకు ఇది గట్టి సమర్థన. కాని ఆ వ్యాసంలోని ఒక చిన్న భాగం పెద్ద గొడవ తెచ్చింది, అది చెప్పుకోదగ్గది.

3.4 కోట్ల ఏళ్ల కింద, ఇయోసీన్ పోయి ఒలిగోసీన్ వచ్చే సంధిలో, అడుగు గుల్లల ఆక్సిజన్ ఒక్కసారిగా బరువెక్కింది. 1975లో షాకిల్టన్, కెన్నెట్ న్యూజిలాండ్‌కు దక్షిణాన తవ్విన కోర్‌లలో దీన్ని చూసి, ముఖ్యంగా చలి పెరగడమే అనుకున్నారు. అంటార్కిటికాలో పెద్ద మంచుదిమ్మ తర్వాతెప్పుడో వచ్చిందనుకున్నారు. మెగ్నీషియం లెక్క దాన్ని తలకిందులు చేసింది. నీరు చల్లబడిన గుర్తే లేదంది. అంటే ఆ బరువంతా మంచుదే. కాని అంత మంచు నిలవాలంటే నీరు చల్లబడకుండా ఎలా? అప్పుడు గమనించారు: సరిగ్గా అదే కాలంలో గుల్లలు కరిగిపోయే లోతు, అంటే సముద్రంలో కార్బనేటు నిలవని గీత, కిలోమీటరుకు పైగా కిందికి దిగింది. అడుగునీటిలో కార్బనేటు పెరిగితే గుల్లలో మెగ్నీషియం కూడా పెరుగుతుంది, వెచ్చదనం లేకపోయినా. చల్లబడినందువల్ల తగ్గాల్సిన మెగ్నీషియాన్ని కార్బనేటు పెంచి సమం చేసేసింది. రెండు ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఏమీ జరగనట్టు కనిపించింది. 2008లో లియర్ బృందమే, కార్బనేటు బెడద లేని టాంజానియా తీరపు కోర్‌లలో కొలిచి, నీరు సుమారు 2.5 డిగ్రీలు చల్లబడిందని చూపింది. చలీ వచ్చింది, మంచూ వచ్చింది. తన తొలి నిర్ణయాన్ని ఎనిమిదేళ్లలో తానే సరిదిద్దిన ఆ తీరు ఎవరో ఒకరు రాసిపెట్టాల్సింది.

మెగ్నీషియానికి ఇంకో లోపముంది. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్సియం నిష్పత్తి కోట్ల ఏళ్లలో మారుతూ వచ్చింది. నేటి నీటికి కుదిరిన సూత్రం 5 కోట్ల ఏళ్ల నాటి నీటికి అలాగే కుదరదు.

మూడో పద్ధతి వచ్చింది 2006లో. కాల్సైటులో బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా ఉండే పాలు ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. ఆ నీటిలో మంచు వాటా ఎంతో తెలియనక్కర్లేదు. క్లంప్డ్ ఐసోటోప్ పద్ధతి అనే దీన్ని కార్బనేటులకు నెలకొల్పిన వ్యాసానికి తొలి రచయిత ప్రసేన్‌జిత్ ఘోష్, తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యుడు. తూకంలోంచి తేమను ఊహించి తీయక్కర్లేని పద్ధతి ఇన్నాళ్లకు దొరికిందనిపించింది. ధర మాత్రం ఎక్కువ. ఆ జంటలు అత్యంత అరుదు కాబట్టి ఒక్క ఉష్ణోగ్రతకు ఎన్నో గుల్లలు, పదేపదే కొలతలు కావాలి. అడుగు గుల్లలు చెంచాడు బురదలో నాలుగైదు దొరికే చోట ఇది ఎంత కష్టమో ఊహించవచ్చు.

అయినా 2022లో మెక్లర్ బృందం ఉత్తర అట్లాంటిక్ నుంచి, డైనోసార్ల తర్వాతి కాలం పొడవునా అడుగు ఉష్ణోగ్రతలను ఈ పద్ధతిలో వెలికితీసింది. వచ్చిన అంకెలు ఆక్సిజన్ లెక్క కన్నా చాలా చోట్ల వెచ్చన, మార్పులు కూడా మరింత నిటారు. అంతకు రెండేళ్ల ముందే వెస్టర్‌హోల్డ్ బృందం 14 చోట్ల తవ్వకాలను అతికి 6.6 కోట్ల ఏళ్ల ఆక్సిజన్ వరుసను ఎన్నడూ లేనంత నాణ్యంగా పేర్చింది. ఆ వరుస బాగుంది. దాని పక్కన వేసే డిగ్రీల స్కేలే అనుమానం. ఇయోసీన్ తొలినాళ్లకు, అంటే 5 కోట్ల ఏళ్ల కింద, ఆక్సిజన్ లెక్క అడుగునీరు 12 నుంచి 14 డిగ్రీలంటుంది. క్లంప్డ్ లెక్క అంతకన్నా పైకి పోతుంది. అప్పటి సముద్రపు నీటి ఆక్సిజన్ మనం అనుకున్నట్టు లేదా? నీటి ఆమ్లత్వం ఆక్సిజన్ సూత్రాన్ని జరిపిందా? లేక అట్లాంటిక్ ఒక్కటే వెచ్చనా? ఇంకో మహాసముద్రం నుంచి అంతే పొడవైన క్లంప్డ్ వరుస వచ్చేదాకా నేనైతే ఇయోసీన్ డిగ్రీలను ఒకే అంకెగా రాయను.

గుల్ల పాడైపోవడం వేరే సమస్య. పాల్ పియర్సన్ 2001లో టాంజానియా బంకమట్టిలోని గాజులా మెరిసే గుల్లలను చూపించి, సముద్రం మధ్యలోని తెల్లటి సున్నపు బురదలో దొరికే ఇయోసీన్ గుల్లలు అడుగున మళ్లీ స్ఫటికమై చల్లటి అంకెలు ఇస్తున్నాయన్నాడు. తేలే గుల్లలకు ఇది పెద్ద దెబ్బ. అడుగు గుల్లలకు దెబ్బ తక్కువ, ఎందుకంటే అవి పుట్టిందీ మళ్లీ స్ఫటికమైందీ ఇంచుమించు అదే చలిలో. 2017లో బెర్నార్డ్ బృందం ఇంకా ముందుకు పోయి, గుల్ల రూపం చెడకుండానే లోపలి ఆక్సిజన్ మారిపోవచ్చని ప్రయోగశాలలో చూపింది. దాన్ని అందరూ ఒప్పుకోలేదు. నాకూ ఒప్పుకోబుద్ధి కాదు: ప్రపంచం నలుమూలలా వేర్వేరు లోతుల్లో పూడిన గుల్లలు ఒకే మెట్టును ఒకే నాటికి చూపిస్తున్నాయి.

దగ్గరి కాలానికైతే గుల్లలతో పని లేకుండానే సరిచూసుకునే వీలుంది. హిమయుగపు అడుగునీరు బురద రంధ్రాల్లో ఇంకా కొంత మిగిలే ఉంది. ఆడ్కిన్స్, మెకింటైర్, ష్రాగ్ 2002లో దాన్ని పిండి కొలిచి, ఆ నీరు గడ్డకట్టే స్థితికి దాపున ఉండేదన్నారు. ఆ లెక్క కూడా షాకిల్టన్ పట్టుకున్న హద్దు దగ్గరికే చేరింది. 2018లో బెరైటర్ బృందం అంటార్కిటికా మంచులో చిక్కుకున్న క్రిప్టాన్, జినాన్ వాయువులను కొలిచి, హిమయుగం ముగిసేసరికి మొత్తం సముద్రం సగటున 2.6 డిగ్రీల దాపు వెచ్చబడిందని చెప్పింది. మూడు దారులూ ఒక చోటికి వచ్చాయి. పాత కాలాలకు ఈ అదృష్టం లేదు.

మరి మన సముద్రం సంగతి? వరంగల్ చుట్టుపక్కల పడ్డ వానలో కొంత గోదావరికి, కొంత ఆకేరు, మున్నేరుల మీదుగా కృష్ణకు పోతుంది. మట్టి అంతా చివరికి బంగాళాఖాతంలోకే. 2006లో జాయిడిస్ రెజల్యూషన్ నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ల కోసం తవ్విన ఒక కోర్ గోదావరి నోటికి ఎదురుగా, 1,268 మీటర్ల లోతు నుంచి వచ్చింది. దాన్ని పొంటన్, జియోసన్ తదితరులు 2012లో చదివారు. ఆకుల మీది మైనం, తేలే గుల్లల ఆక్సిజన్ కలిపి చూసి, 4,000 ఏళ్ల నుంచి దక్కన్ ఎండబారుతూ వచ్చిందన్నారు. గ్యాస్ కోసం తవ్వితే రుతుపవనాల చరిత్ర దొరికింది, మంచిదే. కాని అడుగు ఉష్ణోగ్రతకు ఆ బురద పనికిరాదు. అక్కడ వెయ్యేళ్లకు పదుల సెంటీమీటర్ల మట్టి పడుతుంది. కోటి ఏళ్లు వెనక్కి పోవాలంటే కిలోమీటర్లు తవ్వాలి. పైగా ఆ లోతున ఉన్నది మధ్యనీరు, ధ్రువాల నుంచి వచ్చిన అడుగునీరు కాదు. ఇంకా లోతుకు పోతే బెంగాల్ ఫ్యాన్: గంగ, బ్రహ్మపుత్రల మట్టి కొండచరియల్లా దొర్లి అన్ని కాలాల గుల్లలనూ కలిపేస్తుంది.

ఈ మట్టికి అందనంత ఎత్తున నిలబడ్డది ఒక్కటే, నైంటీఈస్ట్ రిడ్జ్. 90 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట సుమారు 5,000 కిలోమీటర్లు సాగిన సముద్రగర్భ పర్వతపంక్తి. దాని శిఖరాల మీద వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున దాదాపు గుల్లలే పడతాయి. 1972లో గ్లోమర్ చాలెంజర్ నౌక, 1988లో జాయిడిస్ రెజల్యూషన్ అక్కడ తవ్వాయి. 1988లో తవ్విన 758 అనే చోటునే 2014-15లో రుతుపవనాల యాత్రలో మళ్లీ తవ్వి యూ1443 అని పేరు పెట్టారు. లోతు 2,900 మీటర్ల పైచిలుకు, అసలైన అడుగునీటిలో. ఐఐటీ ఖరగ్‌పూర్‌కు చెందిన అనిల్ గుప్తా, ఎలెన్ థామస్‌తో కలిసి ఈ 758 కోర్‌లోని అడుగు జాతుల మార్పుల మీద 2003లో వ్యాసం వేశారు. కాని ఈ రిడ్జ్ మీద మనవాళ్లు చేసినదంతా చూస్తే ఎక్కువ పాలు రుతుపవనాలకే పోయింది. వాన మీద బతికే దేశానికి ఆ తొందర అర్థమవుతుంది. అయితే వాన ప్రశ్నకు లోతు ప్రశ్న అడ్డం కాదు, అదే గుల్లలు రెండూ చెప్పగలవు.

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. మనం పోగేసిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రం మింగుతోంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్రంలో మునిగి తేలుతూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల లెక్కలు చూస్తుంది. అవి మామూలుగా 2,000 మీటర్ల దాకా దిగుతాయి, వాటికి వెనక చరిత్ర పాతికేళ్లే. జేమ్స్ హాన్సెన్ వంటి వాతావరణ శాస్త్రవేత్తలు భూమి కార్బన్ డయాక్సైడ్‌కు ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టేటప్పుడు అడుగు గుల్లల ఆక్సిజన్‌నే ఆధారం చేసుకున్నారు. ఆక్సిజన్ స్కేలు రెండు మూడు డిగ్రీలు జరిగితే ఆ లెక్కలూ జరుగుతాయి.

జాయిడిస్ రెజల్యూషన్ 2024లో తన చివరి యాత్ర ముగించింది. ఇక యూ1443 మీదికి ఆ నౌక పోదు. దాని కోర్‌లు జపాన్‌లోని కోచి భాండాగారంలో ఉన్నాయి, పరిశోధకులు నమూనాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. హిందూ మహాసముద్రం నుంచి పొడవైన క్లంప్డ్ వరుస కావాలంటే ఇప్పుడు నౌక అక్కర్లేదు. సూక్ష్మదర్శిని ముందు ఓపికగా కూర్చుని గుల్లలు ఏరే మనుషులు, ఒక మాస్ స్పెక్ట్రోమీటర్, దాన్ని కొన్నేళ్ల పాటు ఈ ఒక్క పనికే కేటాయించే ప్రయోగశాల కావాలి.